అందరి పేరూ మార్త

"పది పన్నెండు, మేడం. మంగళవారం పొద్దున పది గంటల పన్నెండు నిమిషాలు. ఇరవై నాలుగు ఫైళ్ళు ఒక్కసారే పోయినయ్. ఎవరు తీసేసిండ్రో పేరు కూడా ఉంది. ఇంకేం కావాలె మీకు?"

జశ్వంత్ ఆ కాగితాన్ని బల్ల మీద తిప్పి సీతారత్నం ముందుకు జరిపాడు. సర్వర్ తనంతట తాను రాసుకునే లాగ్ అది. ఇరవై నాలుగు వరుసలు. ప్రతి వరుసలోనూ ఒకే సమయం, ఒకే పేరు. మార్త.

సీతారత్నం కాగితం కంటే ముందు అతని బ్యాగు చూసింది. తోలు బ్యాగు. మూత మీద అతని కంపెనీ పేరు. మూడేళ్ళ కిందట ఈ మనిషే ఆమె డిటెక్టివ్ ఏజెన్సీలో, ఆమె పక్క కుర్చీలో కూర్చుని, ఆమె పెన్ను అడిగి తీసుకుని నోట్సు రాసుకునేవాడు. అప్పుడు "అక్కా" అనేవాడు. ఇప్పుడు "మేడం". పెద్ద కేసులన్నీ అతని దగ్గరికే వెళుతున్నాయి. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టుండేది. బయటికి రాదు, లోపలికి పోదు.

గురువారం మధ్యాహ్నం రెండున్నర. అయిదు గంటలకు స్టేషన్ నుంచి ఎస్సై వచ్చి కంప్లయింట్ తీసుకుంటాడు. ఆమెకున్నది రెండున్నర గంటలు.

ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో కేశవరావు నడిపే ఈ చిన్న సంస్థ నర్సు ఉద్యోగాల పరీక్షలకు గైడ్లు వేస్తుంది. కింద ఆఫీసు, పైన ఆయన ఇల్లు. మూడేళ్ళు కష్టపడి కూర్చిన రెండువేల నాలుగు వందల ప్రశ్నల పుస్తకం, ప్రెస్సుకి వెళ్ళే ముందు, సర్వర్‌లోంచి మాయమైంది. ప్రశ్నలు టైపు చేసి, తప్పులు దిద్దింది మార్త. నర్సింగ్ చదివిన పిల్ల. ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఎంపికైనట్టు ఉత్తరం వచ్చి పది రోజులైంది. వచ్చే వారం పోలీస్ వెరిఫికేషన్. పేరు మీద ఒక్క కేసున్నా ఆ ఉత్తరం చిత్తుకాగితమే. అందుకే ఆమె పిన్ని మాణిక్యాంబ, ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి, యూనిఫారం కూడా మార్చుకోకుండా సీతారత్నం దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

జశ్వంత్‌ని పెట్టుకున్నది మాత్రం కేశవరావు.

"కారణం?" అని అడిగింది సీతారత్నం.

"నౌకరీ వచ్చింది, పోతోంది. పోయే ముందు పుస్తకం ఎదురు గల్లీ పబ్లిషర్‌కి అప్పజెప్పి, ఇక్కడ తుడిచేసింది. గంతే. మీరు ఊరికే టైం ఖరాబ్ చేసుకుంటున్నరు."

సీతారత్నం మార్త ఎదుట కుర్చీ లాక్కుని కూర్చుంది. మార్త చేతులు కీబోర్డు పక్కన ఉన్నాయి. పని లేకపోయినా పని దగ్గరే ఉంచడం ఆ చేతులకు అలవాటు.

"మంగళవారం సంగతి చెప్పమ్మా. వరుసగా."

"తొమ్మిదిన్నరకి నేనే తాళం తీశానండి. రోజూ నేనే. ఆస్టిన్ అన్న పదకొండు దాటితేగానీ రాడు. మూడింటికి ప్రూఫుల కట్ట స్పీడ్‌పోస్ట్ చేద్దామని వెళ్ళాను. క్యూ పెద్దది. నాలుగున్నరకి తిరిగొచ్చాను. అయిదింటికి ఫైనల్ ఫోల్డర్ తెరిస్తే ఖాళీగా ఉంది."

"పది పన్నెండుకి?"

"టైపు చేస్తున్నానండి."

"ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. ఒక్కదాన్నే."

పక్కనుంచి జశ్వంత్ నవ్వాడు. తన మెడకు తనే ఉరి బిగించుకునే జవాబు అది. సీతారత్నానికి ఆ పిల్ల మీద నమ్మకం కుదిరింది మాత్రం అక్కడే. అబద్ధం చెప్పేవాళ్ళు కనీసం ఒక చాయ్‌వాలానైనా పక్కన నిలబెట్టుకుంటారు.

"పోస్టాఫీసు రసీదు?"

మార్త పర్సులోంచి తీసిచ్చింది. మంగళవారం, మూడు ముప్పై ఎనిమిది. సీతారత్నం దాన్ని మడిచి తన డైరీలో పెట్టుకుంది.

మానిటర్ అంచున ఒక పసుపు చీటీ అతికించి ఉంది. మార్త పేరు, కింద పాస్‌వర్డ్. గది అవతలి మూల పుస్తకాల పేజీలు కట్టే ఆస్టిన్ వాడే ఆపిల్ కంప్యూటర్, మ్యాక్ మీద కూడా అదే చీటీ. ప్రింటర్ మీద ఇంకొకటి. మూడింటి మీదా ఒకే చేతిరాత.

"ఇదేంటి, ఆస్టిన్?"

ఆస్టిన్ నలభై దాటిన మనిషి. ఈ ఆఫీసులో ఏడేళ్ళుగా పుస్తకాలకు పేజీలు కడుతున్నాడు. కుర్చీ తిప్పకుండానే చెప్పాడు.

"సర్వర్ లినక్స్‌ది మేడం. మార్తది విండోస్, నాది మ్యాక్. మూడూ మూడు కులాలు. మార్త మెషీన్ మొదటి రోజే సర్వర్‌లోకి దూరింది. నా మ్యాక్ మాత్రం పేరు చెప్పు, పాస్‌వర్డ్ చెప్పు అని ప్రాణం తీసింది. నా పేరుతో ముప్పైసార్లు పెట్టాను, లోపలికి రానివ్వలేదు. విసుగొచ్చి ఒకరోజు మార్త పేరు కొట్టాను. ఖటక్‌మని తెరుచుకుంది."

"తర్వాత మీ పేరు సరిచేసుకోలేదా?"

"పని అవుతోంది కదా, ఠీక్ హై అనుకున్నాం. సర్ కూడా ఆ పేరుతోనే వెళ్తారు. ప్రింటర్‌కీ అదే. ఈ ఆఫీసులో అందరి పేరూ మార్తే." మౌస్ పక్కకి తోశాడు. "ఈసారి కవర్ మీద కూడా సర్ పేరు పక్కన ఆమె పేరే వేశారులెండి. ఏడేళ్ళనుంచి కవర్లు కడుతున్నవాడికి లోపలి పేజీలో చిన్నక్షరాలైనా లేవు."

మార్త తల దించుకుంది. సీతారత్నం అతని వీపునే చూసింది. ఆ ముల్లు ఎలాంటిదో ఆమెకు తెలుసు.

"అందరూ మార్త పేరుతోనే వెళ్తారంటే, ఈ లాగ్‌కి విలువేముంది జశ్వంత్?"

"పేరుకి లేకపోవచ్చు. టైంకి ఉంది. పది పన్నెండుకి ఈ గదిలో ఉన్న మార్త ఒక్కతే కదా మేడం!"

అది నిజమే. ఆమె లాగ్ కాగితాన్ని మళ్ళీ మొదటి వరుస నుంచి చదివింది.

మూడు గంటలకు పైనుంచి చాయ్ ఫ్లాస్కు వచ్చింది. తెచ్చింది కేశవరావు కూతురు ఇషిత. ఇరవై ఏళ్ళుంటాయి, కాలేజీలో చదువుతోంది. వెనకే కేశవరావు దిగాడు. రెండు రోజులుగా నిద్ర లేని కళ్ళు.

"ఇషితా, మార్తకి ముందు పొయ్యవే. పొద్దుట్నుంచి ఏమీ తినుండదు," అన్నాడు.

"పోస్తున్నా" అని తెలుగులో అనలేదు ఆ పిల్ల. "హాఁ పాపా" అంది. కప్పు మార్త ముందు పెట్టినప్పుడు చాయ్ సాసర్‌లోకి ఒలికింది. తర్వాత తండ్రికి పోసి, ఆయన చూస్తాడేమోనని నిలబడింది. ఆయన చూడలేదు. కప్పు అందుకుంటూనే సీతారత్నం వైపు తిరిగాడు.

"మీకెలా చెప్పాలో తెలీడం లేదమ్మా. మార్తని నా కూతురిలా చూసుకున్నాను. తెలుగు ఎంత శుభ్రంగా రాస్తుందనుకున్నారు! మా అమ్మాయికి తెలుగు చదవడమే రాదు. మంగళవారం అయిదింటికి మార్త వచ్చి ఫైళ్ళు లేవంటే, అప్పుడే నాకు తెలిసింది. పేరు నేను చెప్పలేదమ్మా, ఆ యంత్రం చెప్పింది."

ఇషిత ఖాళీ ఫ్లాస్కు తీసుకుని మెట్లెక్కింది. నాలుగో మెట్టు మీద ఆగి, మళ్ళీ ఎక్కింది. ఆయన కూడా చాయ్ ముగించి, కంప్లయింట్ రాయాలంటూ పైకి వెళ్ళాడు.

జశ్వంత్ సీతారత్నం పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు.

"బుర్ర పాడుచేసుకోకండి మేడం. సర్ నాకు మంగళవారం మూడు యాభైకే ఫోన్ చేసిండు. ఢిల్లీల ఎందరో ఉన్నరు, కానీ ఆయనకి నేనే యాదికొచ్చిన. మీకైతే నర్సమ్మ కాళ్ళా వేళ్ళా పడింది, గంతే కదా?"

సీతారత్నం చెవులు వేడెక్కాయి. వెళ్ళి మార్త విండోస్ మెషీన్ ముందు కూర్చుంది. మూడు యాభైకే ఫోన్. మొదట అతనికే. ఆ మాట లోపల తిరుగుతూనే ఉంది. తిరుగుతుండగానే చేతులు పని మొదలుపెట్టాయి.

ఫైనల్ ఫోల్డర్ తెరిచింది. ఖాళీ. దాచిన ఫైళ్ళు కూడా చూపించమని సెట్టింగు మార్చింది. తెల్లటి గదిలో మూలన నక్కిన బొద్దింకలా, చుక్కతో మొదలయ్యే పేరున్న ఒక ఫైలు మసకగా తేలింది.

"ఇదేంటి?"

మార్త ముందుకు వంగి చూసి, అంత దుఃఖంలోనూ మొహం చిట్లించింది. "ఆస్టిన్ అన్న మ్యాక్ చెత్తండి అది. మ్యాక్‌లో ఏ ఫోల్డర్ తెరిచినా అలాంటి చీటీ ఒకటి వదిలేసిపోతుంది. దానికది కనపడదు, నాకు కనపడేది. రోజూ తిట్టుకుంటూ తుడిచేదాన్ని, ఈ మధ్యే విసుగొచ్చి దాచిన ఫైళ్ళు కనపడకుండా పెట్టుకున్నాను."

"ఈ ఫోల్డర్ ఎప్పుడు చేశావు?"

"సోమవారం మధ్యాహ్నం."

సీతారత్నం ఆ చీటీ ఫైలు వివరాలు తెరిచింది. మంగళవారం, మధ్యాహ్నం మూడు నలభై మూడు.

కాగితం మీద పది పన్నెండు. తెర మీద మూడు నలభై మూడు. ఫైళ్ళన్నీ పోయిన అయిదున్నర గంటల తర్వాత ఒక మ్యాక్ వచ్చి ఖాళీ ఫోల్డర్ తెరిచి చూసి వెళ్ళిందా? అయిదున్నర గంటలు. సీతారత్నం వేళ్ళు కీబోర్డు మీదే ఆగాయి. చిన్నప్పుడు గ్లోబు తిప్పుతూ మాస్టారు లెక్క చెప్పించేవారు. లండన్‌కీ మనకీ ఎంత తేడా?

"జశ్వంత్, సర్వర్ ముందు కూర్చో. ఒక్క నిమిషం."

"మళ్ళీ ఏంది మేడం?"

"కూర్చో."

గొంతులో ఏం విన్నాడో, కూర్చున్నాడు. ఆమె మార్త మెషీన్ నుంచి సర్వర్‌లో ఒక ఖాళీ ఫైలు పెట్టి, వెంటనే తీసేసింది. గోడ గడియారం మూడు యాభై చూపిస్తోంది.

"ఇప్పుడొక ఫైలు తీసేశాను. నీ లాగ్‌లో ఆఖరి వరుస చదువు."

"గురువారం..." జశ్వంత్ ఆగిపోయాడు.

"గట్టిగా."

"పది ఇరవై."

జశ్వంత్ తలెత్తి గోడ గడియారం చూశాడు.

"నీ సర్వర్ లండన్ టైంలో బతుకుతోంది. పెట్టిన రోజు ఎవరూ మార్చలేదు. విండోస్ మాత్రం ఆ టైముని మన గడియారానికి తగ్గట్టు మార్చుకుని చూపిస్తుంది. నీ పది పన్నెండుకి అయిదున్నర కలుపు."

"మూడు నలభై రెండు," అన్నాడతను. మొహంలో రంగు దిగిపోయింది.

సీతారత్నం డైరీలోంచి రసీదు తీసి అతని కాగితం పక్కన పెట్టింది. మూడు ముప్పై ఎనిమిదికి మార్త పోస్టాఫీసు కిటికీ దగ్గర ఉంది. నాలుగు నిమిషాల్లో అక్కణ్ణించి ఇక్కడికి ఎవరూ రాలేరు. వచ్చినా, విండోస్ ముందు కూర్చునే మనిషి మ్యాక్ చీటీ వదలదు.

జశ్వంత్ తమాయించుకున్నాడు. ఆస్టిన్ వైపు లేచి నిలబడ్డాడు. "అయితే మ్యాక్. ఈ ఆఫీసులో మ్యాక్ ఒక్కడికే ఉంది. కవర్ మీద పేరు లేదని ఇప్పుడే ఏడ్చిండు గద!"

"అరే భయ్యా, జర సోచ్ కే బోలో, ఆలోచించి మాట్లాడు!" ఆస్టిన్ కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "సోమవారం పొద్దుట్నుంచి నా మ్యాక్‌కి సర్వరే కనపడటం లేదు. మార్త పెన్‌డ్రైవ్‌లో ఇస్తుంటే తీసుకుంటున్నాను. పేరు మార్చాను, పాస్‌వర్డ్ మార్చాను, నాలుగు రోజులుగా సెట్టింగులన్నీ తలకిందులు చేశాను."

"అబద్ధం! కావాలని కనపడకుండా చేసుకున్నవ్."

ఇద్దరూ తెర మీద వేలు పెట్టి పోట్లాడుతుంటే సీతారత్నం చెప్పులు విడిచి, పైట బిగించి, బల్ల కిందికి దూరింది. నాలుగు రోజులుగా అందరూ పేర్లు మార్చారు, పాస్‌వర్డ్‌లు మార్చారు. వంగి చూసినవాళ్ళు లేరు.

కింద కంప్యూటర్ల వైర్లు కలిపే నెట్‌వర్క్ డబ్బాలు రెండున్నాయి. ఒకటి పాతది. దానిలో ఉన్నది ఒకే వైరు, మ్యాక్‌ది. దీపం పచ్చగా వెలుగుతోంది కాబట్టి అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. కానీ ఆ డబ్బాలోంచి బయటికి ఇంకో వైరు లేదు. సర్వర్ వైరు, మార్త వైరు పక్కనున్న కొత్త డబ్బాలో ఉన్నాయి. మ్యాక్ వైరు మొన మీదా, అది దూరిన రంధ్రం చుట్టూ ధూళి ఒకే దుప్పటిలా పరుచుకుంది. అక్కడ వేలిముద్ర లేదు, గీత లేదు. నెలలుగా ఆ వైరుని ఎవరూ పీకలేదు, తిరిగి పెట్టలేదు.

"ఆస్టిన్ నిజం చెప్తున్నాడు," అంది కిందినుంచే. "మిగతా వైర్లు కొత్త డబ్బాలోకి మార్చి, ఇతనిది మర్చిపోయారు. ఈ కొత్తది ఎప్పుడు వచ్చింది?"

"ఆదివారం," అంది మార్త. "కేబుల్ అతను వచ్చి పెట్టి వెళ్ళాడట."

కొత్త డబ్బా వెనక పిల్లి చెవుల్లా రెండు యాంటెన్నాలు నిక్కి ఉన్నాయి. సీతారత్నం వాటిలో ఒకదాన్ని వేలితో తాకి చూసింది. ఈ గదిలో వైరు లేని కంప్యూటర్ ఒక్కటీ లేదు.

"వైఫై ఎవరికోసం మార్తా?"

మార్త పైకప్పు వైపు ఒకసారి చూసింది.

"ఇషిత గారికండి. సర్ కిందటి నెల లాప్‌టాప్ కొనిచ్చారు. పైనుంచే ప్రింట్లు తీసుకుంటానంటే సర్ నా చీటీ ఇంకొకటి రాయించుకుని తీసుకెళ్ళారు."

"ఏ లాప్‌టాప్?"

"తెల్లదండి. మూత మీద కొరికిన ఆపిల్."

సీతారత్నం బల్ల కిందినుంచి లేచి మోకాళ్ళ మీది దుమ్ము దులుపుకుంది. సాసర్‌లోకి ఒలికిన చాయ్ ఇంకా తుడవలేదు. నాలుగో మెట్టు మీద ఆగిన పాదాలు గుర్తొచ్చాయి. గర్వం కాదు, భయం కాదు. తన ఇంట్లో తన చోటు ఇంకొకరు కూర్చున్నారన్న ముల్లు. దాన్ని ఈ గదిలో గుర్తుపట్టడానికి ఆమెకంటే అర్హులెవరు? జశ్వంత్‌కి మూడు యాభైకే ఫోన్ వచ్చిందంటే చెవులు కాలిపోయిన మనిషి తను...

మూడు యాభై.

చెయ్యి దులపడం ఆపేసింది. గంటకు పైగా ఆ అంకెని మొహం మీద కొట్టిన దెబ్బలా మోస్తోంది. విప్పి చూడాలని ఇప్పటిదాకా తట్టలేదు.

నాలుగు నలభైకి కేశవరావు కంప్లయింట్ కాగితంతో దిగివచ్చాడు. చక్కటి చేతిరాత. కాగితం మధ్యలో మార్త పేరు. కూర్చోబోతుంటే సీతారత్నం అడిగింది.

"కేశవరావు గారూ, ఫైళ్ళు పోయాయని మీకు ఎప్పుడు తెలిసిందన్నారు?"

"చెప్పాను కదమ్మా. అయిదింటికి."

"జశ్వంత్, నీ సెల్‌లో చూసి చెప్పు. మంగళవారం సర్ నీకు ఎన్నింటికి ఫోన్ చేశారు?"

జశ్వంత్ సెల్ తీశాడు. నొక్కుతూ నొక్కుతూ అతని బొటనవేలు ఆగింది. తలెత్తి మొదట ఆమెను చూశాడు, తర్వాత తనని పెట్టుకున్న మనిషిని చూశాడు.

"మూడు యాభై," అన్నాడు మెల్లగా. "ఫైళ్ళు పోయినయ్, ఎవరో లోపలివాళ్ళే, ఆ పేరు తేల్చాలె అన్నరు మీరు. సార్... అయిదింటికి తెలిస్తే, మూడు యాభైకి నాకెట్ల చెప్పిండ్రు?"

కేశవరావు మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"మూడు నలభై రెండుకి ఫైళ్ళు పోయాయి," అంది సీతారత్నం. "ఎనిమిది నిమిషాలకి మీరు ఫోన్ పట్టుకున్నారు. అప్పటికి మార్త దారిలో ఉంది. ఆస్టిన్‌కి సర్వరే కనపడదు. ఫైళ్ళు పోయాయని మీకు చెప్పగలిగినవాళ్ళు కింద ఎవరూ లేరు. మీరు పైన ఏదో చూశారు."

ఆయన కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో కప్పాడు.

"దానికి ఇరవై ఏళ్ళమ్మా. చిన్నపిల్ల. కేసంటే..."

"మార్తకి ఇరవై ఆరు," అంది సీతారత్నం.

మెట్ల మీద చప్పుడైంది. నాలుగో మెట్టు మీద ఇషిత నిలబడి ఉంది, గోడకు ఆనుకుని.

"ఆప్‌నే దేఖా థా, పాపా? నువ్వు చూశావా?"

"పడుకున్నాననుకున్నావు," అన్నాడాయన, కూతురి వైపు చూడకుండానే. "ఆ తెల్ల పెట్టె ముందు కూర్చుని ఏడుస్తున్నావు. నువ్వు స్నానాలగదిలోకి వెళ్ళాక వచ్చి చూశాను. ఖాళీ ఫోల్డర్ ఇంకా తెరిచే ఉంది."

"ముఝే క్యోఁ నహీఁ డాంటా? ఒక్కసారి తిట్టొచ్చు కదా." ఆ పిల్ల తెలుగు మాట వెతుక్కుంటూ, తడుముకుంటూ వచ్చింది. "ఎప్పుడూ మార్త, మార్త. నాకు చదవడం రాదని అందరికీ చెప్తావు. ఎప్పుడైనా నేర్పించావా? పుస్తకం పోలేదు. సబ్ కాపీ హై మేరే పాస్, అన్నీ నా దగ్గరున్నాయి. మూడు సంవత్సరాలు నువ్వు దాని ముందే కూర్చున్నావు, దాన్నెలా పారేస్తాను?"

కేశవరావు అప్పుడు చూశాడు కూతురి వైపు. అప్పటికే ఆలస్యమైంది. వీధిలో జీపు ఆగిన చప్పుడు వినపడింది.

జశ్వంత్ తన లాగ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తోలు బ్యాగులో కుక్కాడు. "నన్ను తొందరపడతానని పిలిచిండు అక్కా," అన్నాడు. "తెలివైనోడినని కాదు."

అక్కా అన్న మాట ఆమెకు వినపడింది. సంతోషం కలుగుతుందనుకుంది. ముల్లు కొంచెం కదిలినట్టనిపించింది, అంతే.

తలుపు దగ్గర టోపీ తీస్తూ ఎస్సై నిలబడ్డాడు. "నమస్తే జీ. కంప్లేంట్ తయ్యార్ హై? కిస్‌కే నామ్ పర్ హై?"

కంప్లయింట్ ఎవరి పేరు మీదని అడుగుతున్నాడు. కేశవరావు వేళ్ళు కాగితం మీద బిగిశాయి. వేళ్ళ సందుల్లోంచి మార్త పేరు సగం కనపడుతోంది. మెట్ల మీద ఇషిత ఏడవడం మానేసి తండ్రి చేతులనే చూస్తోంది.

మార్త లేచింది. తన మానిటర్ మీది పసుపు చీటీ పీకింది. మ్యాక్ మీదిది పీకింది, ప్రింటర్ మీదిది పీకింది. మూడూ గుప్పిట్లో నలిపి, కేశవరావు ముందుకు వచ్చి, ఖాళీగా ఉన్న రెండో చెయ్యి చాపింది.

"సర్, పైన ఇంకొకటి ఉంది, అది కూడా తెప్పించండి," అంది. "ముందు ఆ కాగితం ఇటివ్వండి. అందులో ఉన్నది నా పేరు."